తుఫాను రాకముందే ఊరూ ప్రభుత్వమూ కలిసి చేయాల్సిన పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ తీర గ్రామంలో తుఫాను గురించి మాట కదిలినా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. మత్స్యకారులు అడుగుతారు, సర్పంచులు అడుగుతారు, డ్వాక్రా సంఘాల మహిళలు అడుగుతారు. జవాబుల్లో కొన్ని అందరికీ తెలిసినవే. తెలిసినా చేయకుండా వదిలేసినవి ఎక్కువ కాబట్టి వాటినీ ఇక్కడ రాస్తున్నాను.

శాటిలైట్లు ఉన్నాయి, ఫోన్లకు మెసేజ్‌లు వస్తున్నాయి. తుఫాను సంగతి ప్రభుత్వమే చెబుతుంది కదా, ఇక ఊరు చేయాల్సిందేముంది?

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత ఎత్తున నీళ్లొచ్చాయని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కొలతల లెక్కలో అది అయిదారు మీటర్లు. సముద్రం కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చి, ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. చాలా ఊళ్లకు హెచ్చరిక అందలేదు. అందినా, వెళ్లి తలదాచుకోవడానికి పక్కా భవనం లేదు.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, ఇంచుమించు అంతే బలమైన తుఫాను అదే కృష్ణా తీరాన్ని కొట్టింది. ఈసారి మృతుల సంఖ్య వెయ్యి లోపే. ఆ ప్రాణాలు కూడా తక్కువేం కాదు. కానీ ఈసారి హెచ్చరిక ముందుగా అందింది, లక్షకు పైగా జనం లోతట్టు ఊళ్లు వదిలి కదిలారు, కొన్నిచోట్ల తుఫాను షెల్టర్లు సిద్ధంగా ఉన్నాయి. రెండు లెక్కల మధ్య తేడా అక్కడి నుంచి వచ్చింది.

ఇప్పుడు అంచనాలు ఇంకా బాగున్నాయి. మూడు, నాలుగు రోజుల ముందే దారి తెలుస్తోంది. అయితే వీఆర్వో ఫోన్‌కు మెసేజ్ చేరడం ఒకటి, రొయ్యల చెరువు గట్టు మీద గుడిసెలో కాపలా పడుకున్న మనిషికి అది చేరడం మరొకటి. గాలి ఎంత వేగంతో వస్తుందో ప్రభుత్వానికి తెలుసు. ఆ గుడిసెలో మనిషి ఉన్నాడని ఊరికి తెలుసు. ఈ రెండూ ఒకచోట కలవాలి.

అల్పపీడనం, వాయుగుండం, తుఫాను... టీవీలో ఏది వింటే మేం కదలాలి?

అల్పపీడనం బలపడితే వాయుగుండం, ఆపైన తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను. 89కి చేరితే తీవ్ర తుఫాను, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను. వాతావరణ శాఖ హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. 72 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది. 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. 12 గంటల ముందు, తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరగవచ్చో చెబుతుంది. 48 గంటల మాట వినపడగానే ఊరి పనులు మొదలైపోవాలి. 24 గంటల మాట వచ్చేసరికి ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు షెల్టర్‌లో ఉండాలి.

రెండు విషయాలు మాత్రం మరిచిపోవద్దు. పేరు చిన్నదైతే వాన తక్కువ అని కాదు. వాయుగుండాలు తుఫానులకంటే ఎక్కువ వరద తెచ్చిన సందర్భాలున్నాయి. రెండోది, హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటపడితే తుఫాను వెళ్లిపోయిందని బయటికి రాకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో వస్తుంది. ఇల్లు చూసొద్దామని ఆ మధ్యలో బయల్దేరిన వాళ్లే ఎక్కువగా చిక్కుకుంటారు.

పోర్టులో ఎగరేసే నంబర్ల సంగతేమిటి?

అవి ఓడల కోసం. 1, 2 అంటే తుఫాను దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 అంటే ఆ రేవుకే ఇబ్బంది రావచ్చు. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఊరు కదలడానికి పోర్టు నంబరు కోసం ఎదురు చూడనక్కర్లేదు.

ఖాళీ చేయమని అధికారులు ఎంత చెప్పినా కొంతమంది కదలరు. వాళ్లకు ఎలా నచ్చజెప్పాలి?

ముందు వాళ్లను మూర్ఖులనుకోవడం మానాలి. ఇల్లు వదలని ప్రతి మనిషి వెనుకా ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలియకుండా మైకులో ఎంత అరిచినా లాభం లేదు.

గేదెల సంగతి తీసుకోండి. రెండు పాడి గేదెలే ఆధారమైన కుటుంబం వాటిని వదిలి ఎలా వస్తుంది? షెల్టర్ దగ్గర మెరక మీద పశువులకు చోటు చూపించి, కాస్త ఎండుగడ్డి వేయిస్తే ఆ ఇల్లు తనంతట తానే కదులుతుంది. వలలు, ఇంజన్లు ఒడ్డున ఉంటే మత్స్యకారుడి ప్రాణం అక్కడే కొట్టుకుంటుంది. ఇంజన్ విప్పి పైకి చేర్చడానికి పదిమంది చేయి వేయాలి, ఒక ట్రాక్టర్ కావాలి. దొంగల భయం ఉన్నచోట ఊరి కుర్రాళ్లు, పోలీసులు కలిసి నీళ్లు రాకముందు దాకా గస్తీ తిరుగుతారని చెప్పాలి, నిజంగా తిరగాలి.

ఆడవాళ్లు చెప్పే కారణం చాలామంది మగవాళ్ల చెవిన పడదు. షెల్టర్‌లో మరుగుదొడ్డికి తలుపు లేదు, నీళ్లు లేవు, చీకటి. వయసొచ్చిన ఆడపిల్లను తీసుకుని ఆ హాల్లో రాత్రంతా ఎలా ఉండటం? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేక తడి ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలున్నాయి. ఒక బల్బు, ఒక గడియ, రెండు డ్రమ్ముల నీళ్లు. దీనికి కోట్లు అక్కర్లేదు.

ఇంకో కారణం, పోయినసారి రమ్మన్నారు, వచ్చాం, ఏమీ కాలేదు అనేది. తుఫాను దారి మార్చుకోవడం మామూలే. 'హెచ్చరిక తప్పింది' అని ఊరు విసుక్కునే ముందు, అది ఎక్కడికి మళ్లిందో, అక్కడ ఏం జరిగిందో అధికారులు మళ్లీ వచ్చి చెప్పాలి. ఇది ఎవరూ చేయరు. చేస్తే మరుసటిసారి మాట చెల్లుతుంది. ఊళ్లో నమ్మకమున్న మనిషి, మత్స్యకార కులపెద్దో, అంగన్‌వాడీ టీచరో, తన కుటుంబంతో ముందుగా బయల్దేరితే వెనక వీధి మొత్తం కదులుతుంది.

మా ఊరి షెల్టర్ బాగానే కనిపిస్తుంది. దాన్ని ఎవరు చూసుకోవాలి?

కట్టించింది ప్రభుత్వం. బాగోగులు చూడాల్సింది మాత్రం ఊరు, పంచాయతీ కలిసి. 1977 తర్వాత కట్టిన పాత షెల్టర్లు ఎన్నో ఉప్పుగాలికి పెచ్చులూడి, ఇనుము బయటపడి వాడకుండా పోయాయి. 2011లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టు కింద, ప్రపంచ బ్యాంకు సాయంతో, ఆంధ్ర, ఒడిశా తీరాల్లో కొత్త షెల్టర్లు, వాటికి దారి చూపే రోడ్లు వచ్చాయి. వాటిని బహుళ ప్రయోజన భవనాలుగా కట్టడంలో అర్థం ఉంది. బడో, అంగన్‌వాడో, డ్వాక్రా సమావేశాలో జరుగుతూ ఉంటే ఎవరో ఒకరు ఊడుస్తారు, పగిలిన కిటికీ ఎవరికో కనపడుతుంది. మూసి ఉంచిన భవనం ఉప్పుగాలికి ఎక్కువ కాలం నిలవదు.

తాళం సంగతి చెప్పాలి. ఒక వాన రాత్రి షెల్టర్ ముందు పిల్లాజెల్లాతో నిలబడి, తాళంచెవి ఉన్న మనిషి పట్నం వెళ్లాడని విన్న అనుభవం నాకుంది. చివరికి తాళం పగలగొట్టారు. ఆ గంటసేపు వానలో తడుస్తూ పిల్లలు ఏడ్చిన ఏడుపు గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. అందుకే చెబుతున్నాను, తాళంచెవులు మూడు ఉండాలి. ఒకటి పంచాయతీలో, ఒకటి షెల్టర్‌కు దగ్గర్లో ఉన్న ఇంట్లో, ఒకటి మహిళా సంఘం దగ్గర. ఎవరి దగ్గర ఉన్నాయో ఆ పేర్లు తలుపు మీదే పెయింట్‌తో రాయించండి.

సెప్టెంబరు దాటకముందే ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. మేడమెట్లు, ట్యాంకులో నీళ్లు, జనరేటర్‌లో డీజిల్, మరుగుదొడ్లు. జనరేటర్ ఉండటం, అది స్టార్టవడం వేర్వేరు సంగతులు. తాడు లాగి చూడండి.

ఎవరిని ముందు తరలించాలో ఎవరు తేలుస్తారు?

ఊళ్లో ఈ సమాచారం ఇప్పటికే ఉంది, ముక్కలుముక్కలుగా. ఏ గర్భిణికి ఎన్నో నెలో ఆశా కార్యకర్తకు తెలుసు. మంచం దిగలేని ముసలివాళ్లు ఎవరో ఇంటికెళ్లి పింఛను ఇచ్చే సచివాలయ సిబ్బందికి తెలుసు. డయాలసిస్‌కు వెళ్లే వాళ్లు ఎవరో ఆటో డ్రైవర్‌కు తెలుసు. వీళ్లందరినీ ఒక పూట కూర్చోబెట్టి ఒకే నోటు పుస్తకంలో రాస్తే చాలు. ప్రతి పేరు పక్కన, ఆ మనిషిని తీసుకొచ్చే బాధ్యత ఎవరిదో ఇంకో పేరు ఉండాలి. నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రులకు చేర్చడం ఈమధ్య తుఫానుల్లో అలవాటైంది, మంచి అలవాటు. అది జరగాలంటే ఆ జాబితా మండలానికి చేరాలి.

వలస కూలీలను మరిచిపోతారు. ఇటుక బట్టీల్లో, రొయ్యల చెరువుల మీద, ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్లుంటారు. తెలుగు మైకు వాళ్లకు అర్థం కాదు. వాళ్ల పేర్లు ఏ రేషన్ జాబితాలోనూ ఉండవు.

వేటకు వెళ్లిన వాళ్ల సంగతి?

1996 నవంబరు 6న కోనసీమ మీదికి వచ్చిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రంలో ఉన్న మత్స్యకారులు వందల్లో తిరిగి రాలేదు. అప్పుడు వాళ్లకు చెప్పే సాధనం రేడియో ఒక్కటే. ఇప్పుడు వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్లు, శాటిలైట్ ట్రాన్స్‌పాండర్లు వచ్చాయి. అయినా ఒడ్డున ఒక రిజిస్టర్ కావాలి: ఏ బోటు, ఎంతమంది, ఎప్పుడు బయల్దేరారు, ఎప్పటికి వస్తారు. ఇంట్లో ఆడవాళ్లు ఈ రిజిస్టర్ పెడితే చక్కగా నడుస్తుంది. ఎవరు ఏ బోటెక్కారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అందరూ ఒడ్డునే ఉండే రోజులవి. లైఫ్ జాకెట్లు సరిచూసుకోవడానికి, మాక్ డ్రిల్‌కు అంతకంటే మంచి సమయం దొరకదు. మత్స్యశాఖ అధికారులను అప్పుడే ఊరికి పిలవండి.

చట్టం ప్రకారం ఇది ఎవరి బాధ్యత?

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. కలెక్టర్ దానికి అధ్యక్షులు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ సహాధ్యక్షులు. అంటే ప్రజలు ఎన్నుకున్న మనిషికి అందులో కుర్చీ ఉంది. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సామగ్రిని వాడకానికి సిద్ధంగా ఉంచడం పంచాయతీలు, మున్సిపాలిటీల మీద కూడా చట్టం పెట్టిన బాధ్యతలు. గ్రామసభలో ఈ విషయం అడగడం మన హక్కు. సాధారణంగా గ్రామసభలో రోడ్డు, డ్రెయిన్, ఇళ్ల స్థలాలే నడుస్తాయి. ఏడాదికి ఒక్క సభలో షెల్టర్ సంగతి ఎజెండాలో పెట్టించండి.

ఇదికాక 'ఆపద మిత్ర' పథకం కింద ఊరి యువతకు 12 రోజుల శిక్షణ ఇచ్చారు. నీళ్లలోంచి మనిషిని తీయడం, ప్రథమ చికిత్స, తాళ్లతో ముడులు వేయడం నేర్పారు. మీ మండలంలో శిక్షణ పొందిన వాళ్లెవరో తహసీల్దార్ ఆఫీసులో అడగండి.

ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వస్తుంది కదా?

వస్తుంది. పదో బెటాలియన్ మన గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. తుఫానుకు ముందే టీములను జిల్లాలకు పంపుతారు. కానీ ప్రతి ఊరికీ ఒక టీమ్ ఉండదు, రోడ్డు మూసుకుపోతే వాళ్లూ ఆగాల్సిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. రోడ్ల నిండా చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, కరెంటు లేక మోటార్లు ఆడక మంచినీళ్లకూ ఇబ్బందే. 2014లో హుద్‌హుద్ విశాఖకు చూపించింది కూడా ఇలాంటి రోజులే. అందుకే ఊళ్లో పవర్ రంపం ఎవరి దగ్గరుంది, జేసీబీ ఎవరిది, ట్రాక్టర్‌కు డీజిల్ ఎవరు పోస్తారు, తర్వాత ఆ డబ్బు ఎవరు చెల్లిస్తారు అన్నవి ముందే మాట్లాడుకోవాలి. డబ్బు మాట దాటేస్తే మరుసటి ఏడు ఆ ట్రాక్టర్ రాదు.

ఒడిశా గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌లో అక్కడ దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు పది లక్షల మంది వరకు ఇళ్లు వదిలి షెల్టర్లకు వెళ్లారు, మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. ఆ పద్నాలుగేళ్లలో వాళ్లు షెల్టర్లతోపాటు, వాటిని నడిపే గ్రామ కమిటీలను, వాటిలో పనిచేసే కుర్రాళ్లను, అమ్మాయిలను తయారు చేసుకున్నారు. 2020లో ఆ రాష్ట్రంలోని వెంకట్రాయ్‌పూర్, నొలియాసాహి గ్రామాలు సునామీకి సిద్ధంగా ఉన్నాయని యునెస్కో గుర్తింపు పొందాయి. మన దేశంలో ఆ గుర్తింపు మొదట వచ్చింది వాటికే. సునామీ హెచ్చరికలు జారీ చేసే కేంద్రం మన హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం)లో, 2007 నుంచి పనిచేస్తోంది.

బంగ్లాదేశ్‌లో ఇంకా ముందే మొదలుపెట్టారు. 1970 తుఫానులో లక్షల ప్రాణాలు పోయాక, ప్రభుత్వం, రెడ్‌క్రాస్ కలిసి ఊరూరా వాలంటీర్లను తయారు చేశాయి. ఇప్పుడు వాళ్లు 70 వేలు దాటారు, దాదాపు సగం మంది మహిళలు. ఆడ వాలంటీరు ఇంటి లోపలికి వెళ్లి మాట్లాడగలదు. మన దగ్గర డ్వాక్రా సంఘాలు ఉన్నాయి, ఆ బలాన్ని తుఫాను పనికి ఇంకా సగం కూడా వాడుకోలేదని నా నమ్మకం.

మడ అడవులకూ దీనికీ సంబంధం ఏమిటి?

కాకినాడ దగ్గర కోరంగి వైపు మడ చెట్ల వేళ్లు చూసినవాళ్లకు తెలుస్తుంది. అల వాటిలోంచి వచ్చేసరికి ఊపు తగ్గిపోతుంది. గట్టున సరుగుడు తోటలు గాలి దెబ్బను కొంత కాస్తాయి. వీటిని కొట్టి చెరువులు తవ్వితే వచ్చే లాభం ఒకరికి, ఉప్పెన మాత్రం ఊరందరికీ. వీటిని కాపాడటం అటవీ శాఖ ఒక్కదాని వల్ల కాదు. ఊరి పెద్దలు కొట్టేవాడిని ఆపకపోతే మొక్కలు నాటిన డబ్బంతా వృథా.

మాది తీరం కాదు. నది పక్కన ఉన్నాం. మాకూ ఇవే వర్తిస్తాయా?

చాలావరకు. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసింది ఆ పట్టణం. అక్కడ పిల్లలకు కూడా ఈ అంకెలు తెలుసు. కానీ 'నది 60 అడుగులు' అంటే నా వీధిలోకి నీళ్లు ఎంత దాకా వస్తాయి? అది పాత వరద చూసిన వాళ్లే చెప్పగలరు. కరెంటు స్తంభాల మీద గీతలు గీసి అంకెలు రాసిపెట్టండి. ఇంజనీర్ లెక్కకూ బామ్మ జ్ఞాపకానికీ ఆ గీత దగ్గర పొత్తు కుదురుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన రోజులవి. బోట్లు, హెలికాప్టర్లు, డ్రోన్లతో కూడా అన్నం పంపారు. బయటి నుంచి వచ్చిన బోటు సిబ్బందికి సందులు తెలియవు, ఏ మేడ మీద ఎవరున్నారో తెలియదు. అపార్ట్‌మెంట్ కమిటీలు, కాలనీ సంఘాలు ఆ మ్యాపు, ఆ పేర్లు ముందే వార్డు సచివాలయానికి ఇచ్చి ఉంచాలి. మున్నేరు ఒడ్డున ఖమ్మం కాలనీలకూ ఇదే మాట.

వాట్సాప్‌లో వచ్చేవి నమ్మొచ్చా?

తేదీ లేని వీడియోను నమ్మొద్దు, పంపొద్దు. జనాన్ని భయపెట్టే తప్పుడు హెచ్చరిక ప్రచారం చేస్తే ఏడాది వరకు జైలుశిక్ష వేసే సెక్షన్ పైన చెప్పిన విపత్తు నిర్వహణ చట్టంలోనే ఉంది. అనుమానం వస్తే రాష్ట్ర కంట్రోల్ రూమ్‌కు 1070, జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077, ప్రాణం మీదికి వస్తే 112. ఊరి గ్రూపులో పోస్టు చేసే పని ఒకరిద్దరికే అప్పగిస్తే గందరగోళం తగ్గుతుంది.

నష్టం రాసేటప్పుడు మా పేరు ఉండదు. ఏం చేయాలి?

నమ్మకం చెడేది ఎక్కువగా ఇక్కడే. ముందే ఇంటిని, పశువులను, బోటును, పొలాన్ని ఫోన్‌తో ఫొటోలు తీసి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మీవాళ్లకు పంపి ఉంచండి. కౌలు రైతులైతే కౌలు కార్డు కాపీ కూడా. నష్టాల జాబితాను సచివాలయం గోడకు అంటించమని అడగండి. అంటించాక ఊరంతా చదవండి. నష్టపోయిన మనిషి పేరు లేకపోతే, నష్టపోని మనిషి పేరు ఉంటే, రెండూ రాతపూర్వకంగా ఇవ్వండి. అధికారులకూ నా మనవి ఒకటుంది, జాబితా దాచకండి. దాచిన ఊళ్లో మరుసటి తుఫానుకు మీ మాట ఎవరూ వినరు.

మేం అమెరికాలో, దుబాయ్‌లో ఉన్నాం. ఊరికి ఏం పంపాలి?

పాత బట్టలు వద్దు. అవి షెల్టర్ మూలన తడిసి కుళ్లిపోతాయి. తుఫాను లేని నెలల్లో పంపే డబ్బు ఎక్కువ పనికొస్తుంది: షెల్టర్ మరుగుదొడ్డి బాగుచేయడానికి, సోలార్ లైట్లకు, ఒక మంచి రంపానికి. తుఫాను రోజు మాత్రం అమ్మానాన్నలకు ఫోన్ చేసి 'షెల్టర్‌కు వెళ్లండి' అని గట్టిగా చెప్పండి. వీఆర్వో పదిసార్లు చెప్పినా వినని నాన్న కూతురు ఒక్కసారి చెబితే వింటాడు.

మా ఊళ్లో కమిటీ లేదు, ఎవరికీ ఆసక్తి లేదు. ఒక్కడినే ఎక్కడ మొదలుపెట్టాలి?

రేపు పొద్దున షెల్టర్ దగ్గరికి వెళ్లండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. తెరిపించి, మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకు చూడండి. పాడైనవి ఫొటోలు తీసి, ఒక అర్జీ రాసి, మీతో పాటు మరో నలుగురి సంతకాలు పెట్టించి సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండేలా చూసుకోండి. వారం తర్వాత ఆ అయిదుగురూ కలిసి మళ్లీ వెళ్లి, అర్జీ ఎందాకా వచ్చిందో అడగండి.